పవర్ అంటే ఏందిరా?

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకులు కాసేపు ఆలోచించి సరేనన్నారు. నేను ఎంచుకున్న మాట ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల ఒక్కరిదే కాదు. పొద్దున లేచినప్పటి నుంచి మనందరి నోట్లోనూ నలుగుతూ ఉంటుంది. పవర్.

ముప్పై రెండేళ్లు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. కానీ ఈ మాట నన్ను పట్టుకున్నది పుస్తకంలో కాదు, మా ఇంటి వసారాలో. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. అమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మెట్ట పొలం ఎకరం ముప్పై సెంట్లు ఉండేది. మా బంధువు ఒకాయన పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవడానికి స్టాంపు కాగితాలు పట్టుకొచ్చాడు. "ఆడమనిషివి, ఆఫీసుల చుట్టూ నువ్వేం తిరుగుతావు? నాకు పవర్ రాసియ్యి, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతికి చింతపండు పులుసు అంటుకుని ఉంది. బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. ఊదారంగు ఇంకు డబ్బా ముందు కూర్చుని నా వైపు తిరిగింది.

"పవరంటే ఏందిరా?" అంది.

"అధికారమమ్మా" అన్నాను. తొమ్మిదో తరగతి చదువు కదా, వెంటనే చెప్పేశాను.

"నాకాడ యాడుందిరా అధికారం, ఆయనకియ్యడానికి?" అంది. అని వేలిముద్ర వేసేసింది.

మూడేళ్లు తిరగకుండా ఆ పొలం చేతులు మారిపోయింది. ఆ కథ ఇక్కడితో వదిలేస్తాను. అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు వెతుక్కున్న జవాబే.

ముందు మనం ఈ మాటను ఎలా వాడుతున్నామో చూడండి. ఇంట్లో "పవర్ పోయింది" అంటే ఫ్యాను ఆగిపోయిందని అర్థం. అదే మాట పార్టీ ఆఫీసు ముందు అంటే ఎన్నికల్లో ఓడిపోయారని. కళ్లద్దాల షాపులో "పవర్ పెరిగింది" అంటే చూపు తగ్గిందని. మందుల షాపులో "ఇది పవర్ ఎక్కువ, తిన్నాకే వేసుకోండి" అంటారు. హోమియో డాక్టరు పొటెన్సీ అంటే మనం ఇంటికొచ్చి "టూ హండ్రెడ్ పవర్ ఇచ్చాడు" అని చెబుతాం. ఆ మార్పు తెలియక చేసినా సరిగ్గా చేశాం. పొటెన్సీ, పవర్ రెండూ ఒక తల్లి పిల్లలే.

ఆ తల్లి లాటిన్ భాషలో ఉంది. రోమన్లకు "పోతిస్" అనే మాట ఉండేది. చేయగలిగిన, సమర్థమైన అని దానికి అర్థం. దానికి "ఉండు" అనే క్రియ చేరి "పోస్సే" అయింది, అంటే చేయగలగడం. పండితులు పోస్సే అని రాసుకుంటుంటే బజారులో జనం దాన్ని "పొతేరే" అన్నారు. ఆ బజారు మాటే బతికింది. ఫ్రాన్సులో నోళ్లలో నలిగి మధ్యలో ఉన్న త అరిగిపోయి, "పొయేర్" లాంటి రూపాలకు వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత చాలా కాలం కోర్టుల్లో, కచేరీల్లో ఫ్రెంచి మాటలే నడిచాయి. అలా 1300 ప్రాంతానికి ఈ మాట ఇంగ్లీషు రాతల్లోకి దిగింది. ఏలినవాళ్ల భాష నుంచి ఏలబడినవాళ్ల భాషలోకి వచ్చిందన్నమాట. సర్కారు, హుకుం, జులుం, తాహతు మనకు ఎలా వచ్చాయో అలాగే.

ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ "చేయగలగడం" అనే క్రియనూ "అధికారం" అనే నామవాచకాన్నీ ఒకే మాటతో చెబుతారు. వాళ్లు అధికారం అన్నప్పుడల్లా అందులో "గలగడం" వినిపిస్తూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ చప్పుడు ఆగిపోయింది. పవర్ అన్నప్పుడు ఎవరికీ పాసిబుల్ గుర్తుకు రాదు, రెండూ ఒకే వేరు నుంచి వచ్చినా.

నార్మన్లు రాకముందు ఇంగ్లీషువాళ్లకు బలానికి మాట లేదా అంటే, ఉంది. మైట్. అది "మే" అనే క్రియకు తోబుట్టువు. ఆ రోజుల్లో మే అంటే అనుమతి కాదు, చేయగలగడమే. మన పిల్లలు తరగతి గుమ్మం దగ్గర నిలబడి "మే ఐ కమిన్ సార్" అంటారు చూడండి, ఆ మే లోపల వెయ్యేళ్ల నాటి బలం దాక్కుని ఉంది. ఇక "కెన్" సంగతి. దాని మొదటి అర్థం తెలిసి ఉండటం. అది మన జ్ఞానం అనే మాటకు దూరపు చుట్టం. తెలిసినవాడు చేయగలడు అని ఆ భాష ఎప్పుడో అనుకుంది.

సంస్కృతం కూడా ఇదే దారిలో నడిచింది. శక్తి అనగానే మనకు అమ్మవారు గుర్తొస్తుంది, కానీ ఆ మాట "శక్" అనే ధాతువు నుంచి వచ్చింది. చేయగలగడం అని దాని అర్థం. "అది నాకు శక్యం కాదు" అంటాం కదా, ఆ శక్యమూ ఈ శక్తీ ఒకటే. పాసిబుల్, పవర్ అక్కడ ఎలాగో, శక్యం, శక్తి ఇక్కడ అలాగ.

మరి మన తెలుగు? నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్కడే ఉంది. మనం చేయగలను అంటాం. ఆ "గల" ఎక్కడిది? కలుగు, కల, కలిమి, కలవాడు. ఉండటమే మనకు చేయగలగడం. "నాకు ఈత వచ్చు" అంటాం, విద్య నడిచి మన దగ్గరకు వచ్చినట్టు. అన్నిటినీ మించినది "చేతనవును". "నాకు చేతకాదు", "చేతనైనంత చేస్తాను" అని రోజూ అంటూనే ఉంటాం. అందులో ఉన్నది చేయడమే. ఈ మాట అనాలంటే కుర్చీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. బలం, సత్తువ, చేవ, దమ్ము, స్తోమత, పలుకుబడి, దేని చోటు దానికి ఉంది మన భాషలో. పవర్ వచ్చి వీటన్నిటి చోటూ ఆక్రమించిందని నేను గొడవ పెట్టను. కానీ చేతనవును అనే మాట మన పిల్లల నోట్లో పలచబడిపోతుంటే మాత్రం బాధగా ఉంటుంది.

ఇందాకటి పోతిస్ దగ్గరకు మళ్లీ వెళ్దాం. దానికి వెనక ఇంకా పాత మాట ఒకటి ఉందని భాషా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. లాటిన్, గ్రీకు, సంస్కృతం విడిపోకముందు ఉన్న మూలభాషలో "పోతి" లాంటి మాట, యజమాని అనే అర్థంలో. అది మన దగ్గర ఏమైందో మీకు ఈపాటికి తట్టి ఉంటుంది. పతి. సేనాపతి, అధిపతి, గణపతి, రాష్ట్రపతి. పవర్, పతి ఒకే ఇంటివాళ్లు.

ఆ ఇంట్లో ఇంకో జంట ఉంది. ఇంటికి పాత మాట "దమ్". ఇంటి యజమాని అనే మాట గ్రీకులో "దెస్పోతేస్" అయింది. ఇంట్లో బానిసలను ఏలేవాడు అని మొదట. అదే పెరిగి పెరిగి ఇంగ్లీషులో డెస్పాట్, నిరంకుశుడు అయి కూర్చుంది. సంస్కృతంలో అవే రెండు ముక్కలు కలిసి దంపతి అయింది. వేదకాలంలోనే దాన్ని ద్వివచనంలో వాడారు, ఇంటికి యజమానీ యజమానురాలూ ఇద్దరూ కలిపి. మనం పెళ్లి శుభలేఖ మీద "నూతన దంపతులు" అని అచ్చు వేయిస్తున్నాం. ఒకే మాట ఒక దేశంలో ఒంటరిగా ఉండి నియంత అయింది, ఇంకో దేశంలో ఇద్దరై కాపురం చేసింది. ఈ సంగతి మొదటిసారి నిఘంటువులో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకోటి. ఇంగ్లీషులో పొసెస్ అంటే సొంతం చేసుకోవడం. ఆ లాటిన్ మాటను విడదీస్తే మొదటి ముక్క మన పోతిస్, రెండో ముక్క కూర్చోవడం. యజమానిగా కూర్చోవడం అన్నమాట. మనం కుర్చీ కోసం కొట్లాట అంటే వాళ్లు రెండువేల ఏళ్ల కిందటే ఆ కుర్చీని మాట లోపల వేసేశారు.

కాబట్టి ఈ మాట పుట్టుకలోనే ఇద్దరున్నారు. ఒకరు చేయగలిగినవాడు, ఇంకొకరు ఏలేవాడు. దీని చరిత్ర అంతా వీళ్లిద్దరి పెనుగులాటే అని నా నమ్మకం. రోమ్‌లో ఏలేవాడిదే పైచేయి. "పొతెస్తాస్" అంటే చట్టం ఇచ్చిన అధికారం. తండ్రికి పిల్లల మీద ఉండే అధికారానికి "పాత్రియా పొతెస్తాస్" అని పేరు. చట్టం ప్రకారం అది ప్రాణాల మీద కూడా అధికారమే. కొడుకు నడివయసు వాడైనా సరే, తండ్రి బతికి ఉన్నంత కాలం అతని సంపాదన తండ్రిదే.

ఇంగ్లండుకు వచ్చాక పవర్ అంటే సైన్యం అని కూడా వాడారు. తర్వాత ఏలేవాళ్లనే పవర్స్ అనడం మొదలుపెట్టారు. 1526లో విలియం టిండేల్ బైబిల్లోని కొత్త నిబంధనను గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు రోమీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, పదమూడో అధ్యాయం దగ్గర "ద పవర్స్ దట్ బీ" అని రాశాడు. ఉన్న అధికారాలు దేవుడు నియమించినవే అనే వాక్యం అది. ఇప్పటికీ ఇంగ్లీషువాళ్లు పైవాళ్లను ఆ మాటతోనే అంటారు. నాగలి పట్టే కుర్రాడికి కూడా బైబిల్ అర్థం కావాలని తపించినవాడు టిండేల్. ఆ మాట రాసిన పదేళ్లకు, 1536లో, బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డ్‌లో గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. చంపింది అప్పట్లో ఉన్న పవర్సే. ఈ మాటను పాఠంగా చెప్పినప్పుడల్లా నేను అతని పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేదు. ఇవాళా వెళ్లను.

మన అధికారం అనే మాట కూడా సామాన్యమైనది కాదు. ఢిల్లీలో "సూచనా కా అధికార్" అంటారు. అదే చట్టాన్ని, 2005 నాటి దాన్ని, మనం సమాచార హక్కు అంటాం. హిందీలో అధికార్ అంటే హక్కు. మనకు అధికారం అంటే పై నుంచి ఏలడం. ఇక సత్తా సంగతి చూడండి. హిందీలో సత్తా అంటే గద్దె, ప్రభుత్వం. మనకేమో "సత్తా ఉంటే రా" అన్నప్పుడు మనిషి లోపలి దమ్ము. ఒక భాషలో జనానిదైన మాట పక్క భాషలో ప్రభువుది, అక్కడ ప్రభువుదైనది ఇక్కడ జనానిది. గీతలో "కర్మణ్యేవాధికారస్తే" అన్నప్పుడు అధికారం అంటే అర్హత, హక్కు. కృష్ణుడు అర్జునుడికి పదవి ఇవ్వడం లేదు కదా. వేదాంత గ్రంథాల్లో అధికారి అంటే ఆ చదువుకు తగిన విద్యార్థి. మన ఊళ్లలో అధికారి అంటే జీపులో దిగేవాడు అయిపోయాడు.

ఇప్పుడు కరెంటు సంగతికి వద్దాం. 1776లో బాస్వెల్ అనే ఆయన బర్మింగ్‌హామ్ దగ్గర సోహో కర్మాగారం చూడటానికి వెళ్లాడు. దాని యజమాని మాథ్యూ బోల్టన్, జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రాలు అమ్మేవాడు. బోల్టన్ అతనితో, లోకమంతా కోరుకునేదాన్ని నేనిక్కడ అమ్ముతున్నాను, పవర్, అన్నాడు. అప్పటిదాకా రాజులకూ సేనలకూ దేవుడికీ ఉన్న మాట ఆ రోజు కొలిచి, ధర కట్టి అమ్మే సరుకైంది.

సరుకు అన్నాక కొలత కావాలి. కొనేవాళ్లు గుర్రాలతో మిల్లులు తిప్పుకుంటున్నవాళ్లు. మీ యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుంది అని అడిగేవారు. వాట్ లెక్క వేశాడు. గుర్రం పన్నెండు అడుగుల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతూ గంటకు 144 చుట్లు తిరుగుతుంది, 180 పౌండ్ల బలంతో లాగుతుంది. ఆ లెక్కను దగ్గరి అంకెకు సర్ది నిమిషానికి 33,000 అడుగు పౌండ్లు అన్నాడు. అదే హార్స్ పవర్, ఇప్పటి లెక్కలో సుమారు 746 వాట్లు. మన రైతు "ఐదు హెచ్‌పీ మోటారు వేశా" అన్నప్పుడు ఆ బోరు బావి దగ్గర ఐదు ఇంగ్లీషు గుర్రాలు నిలబడి ఉన్నట్టే లెక్క. మనం మాత్రం తక్కువ తిన్నామా? మోటారు రాకముందు "వాళ్లది నాలుగు అరకల సేద్యం" అని చెప్పుకునేవాళ్లం. అరక అంటే ఒక జత ఎడ్లు, ఒక నాగలి. అది పొలం పనికి కొలత, ఆ ఇంటి పలుకుబడికీ కొలత.

భౌతిక శాస్త్రం ఒక గట్టి పని చేసింది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. తొట్టి ఒకటే, అందులో పట్టే నీళ్లూ అన్నే. మూడు హెచ్‌పీ మోటారైనా నింపుతుంది, ఐదు హెచ్‌పీ అయినా నింపుతుంది. జరిగిన పని సమానం, తేడా పట్టిన సమయంలో. ఆ వేగానికే పవర్ అని పేరు. సమర్థుడు అనే మాట నుంచి సామర్థ్యం తీసుకున్న మన అనువాదకులకు చేతులెత్తి మొక్కాలి. లాటిన్ పోతిస్ దగ్గరకే వాళ్లు తిన్నగా వెళ్లారు. లెక్కల్లో పవర్ అంటే ఘాతం, కళ్లద్దాల్లో పవర్ అంటే కటకం కాంతిని ఎంత వంచుతుందనే లెక్క. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

రెండు పవర్‌లు మన నేల మీద ఎదురెదురు పడ్డ రోజు ఒకటి ఉంది. 2000 ఆగస్టు 28. కరెంటు చార్జీల పెంపు మీద వేలమంది హైదరాబాదులో ఊరేగింపుగా వెళ్తుంటే బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. నాలుగేళ్ల తర్వాత ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి 2004 మే 14న పెట్టిన మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద. నేను ఏ పార్టీ పక్షమూ మాట్లాడటం లేదు. ఒక మాటకు ఉన్న రెండు అర్థాల మధ్య మనుషులు నలిగిపోయారు, అది మరచిపోవద్దని చెబుతున్నాను.

సాధికారత అనే మాట ఈమధ్య బాగా వింటున్నాం. ఎంపవర్ అనే మాటకు అది తెలుగు. ఇంగ్లీషులో ఎంపవర్ మొదట కోర్టు మాట. ఒకరు తమ అధికారాన్ని ఇంకొకరికి రాసివ్వడం, మా అమ్మ వేలిముద్ర వేసిన కాగితం లాంటిది. అంటే పైనున్నవాడు ఇస్తేనే కిందివాడికి వస్తుంది అనే ఊహ దాని కడుపులో ఇంకా ఉంది. మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎవరో ఇచ్చేదాకా ఆగలేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బళ్లు పెట్టారు. పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు చుట్టూ కూర్చున్న ఆ ఆడవాళ్లు అక్షరాలతో పాటు సారా గురించీ మాట్లాడుకున్నారు. మొగుళ్ల కూలి డబ్బులు ఎటు పోతున్నాయో మాట్లాడుకున్నారు. ఊళ్లోకి సారా రాకుండా అడ్డం పడ్డారు. అది జిల్లా అంతా పాకింది, సారా దుకాణాల వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లలో ఒక్కరికీ పదవి లేదు.

ఆ రాత్రి బళ్లలో ఒకటి మా ఊళ్లోనూ నడిచింది. మా అమ్మ వెళ్లింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. నేను దసరా సెలవులకు ఇంటికి వెళ్తే, అన్నం పెట్టి, చేతులు కడుక్కుని, ఉట్టి పక్కన దాచిన పలక తెచ్చి చూపించింది. తన పేరు రాసుకుంది. ఒక ఒత్తు తప్పిపోయింది. నేను దిద్దలేదు.

ఎందుకో ఆ వసారా, ఆ ఇంకు డబ్బా గుర్తొచ్చాయి. అప్పటికి నాకు ఆ కాగితాల చట్టం కూడా తెలుసు. పవర్ ఇచ్చినవాళ్లు దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇచ్చినవాళ్లు కన్ను మూస్తే మామూలుగా అదీ పోతుంది. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు లేకుండా, ఒట్టి ఆ కాగితం మీదే జరిగే అమ్మకం వల్ల భూమి మీద హక్కు మారదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పడానికి మాత్రం 2011 దాకా పట్టింది. తనకు లేనిదాన్ని ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు అనేది ఆ చట్టానికి పునాది. అంటే ఆ రోజు అమ్మ దగ్గర ఉంది. లేదనుకునే ఇచ్చేసింది. లేదనుకోవడానికి కారణం నేను చెప్పిన అర్థం.

"అమ్మా, అప్పుడు నువ్వు పవరంటే ఏందని అడిగావు. నేను అధికారం అని తప్పు చెప్పాను" అన్నాను.

"మరేందిరా?"

"చేతనవడం. నీకు చేతనైన పనిని, నీ బదులు ఆయన చెయ్యొచ్చని ఆ కాగితం."

అమ్మ బలపం పట్టుకునే కాసేపు ఊరుకుంది. "నాకు చేతనయ్యేదాన్నేనా, ఆయనకి రాసియ్యమన్నావు?" అంది.

పలక కొంగుతో తుడిచి, పేరు మళ్లీ మొదటి అక్షరం నుంచి రాయడం మొదలుపెట్టింది.